అరిగిందా, అరిగేటట్టే చేశారా?

దుక్కుల సీజన్ మొదలైతే చాలు, హుజూరాబాద్ నుంచి ఇచ్చోడ దాకా ఏ మెకానిక్ షెడ్డు ముందు నిలబడ్డా వినబడే తీర్పు ఒకటే. "నూనె మార్చలేదు, అందుకే అరిగింది." ట్రాక్టర్ హెడ్డు మీద మూత తీస్తారు. రాకర్ ఆర్మ్ మూతి గుంట పడి ఉంటుంది. ఆ నిమిషంలోనే నేరం రైతు మీద పడుతుంది. సామాను అమ్మిన దుకాణందారు అదే మాట అంటాడు. కంపెనీ మనిషి బండిని చూడకుండా ఫోన్లోనే అదే మాట అంటాడు. చివరకు రైతు కూడా తల వంచుకుని అదే నమ్మి, కొత్త సెట్టు కొని వేయించుకుంటాడు. రెండు సీజన్లు తిరక్కముందే మళ్లీ అదే షెడ్డు, అదే మూత, అదే తీర్పు.

ఈ తీర్పును మేం ఒప్పుకోం. నూనె మాట ప్రతిసారీ అబద్ధమని మా వాదన కాదు. సాక్ష్యం చూడకుండా చెప్పే తీర్పు ఎవరు చెప్పినా చెల్లదని మా వాదన. సాక్ష్యం మన చేతిలోనే ఉంటుంది. వాడకంలో అరిగిన ఇనుము మీద ఒక రకం గుర్తులుంటాయి, తయారీలోనే లోపంతో పుట్టిన ఇనుము మీద ఇంకో రకం గుర్తులుంటాయి. వాటిని చదవడానికి ఇంజనీరు చదువు అక్కర్లేదు.

రాకర్ పని చూడని వారికి ఒక మాట. మన తాతలు నీళ్లు తోడిన ఏతం లాంటిదే ఇది. ఒక చివర లేస్తే రెండో చివర దిగుతుంది. క్యామ్ షాఫ్ట్ తిరిగి టాపెట్‌ను లేపుతుంది, టాపెట్ పుష్ రాడ్‌ను లేపుతుంది, పుష్ రాడ్ రాకర్ తోకను లేపుతుంది, అప్పుడు రాకర్ మూతి దిగి వాల్వును నొక్కి తెరుస్తుంది. మూడు సిలిండర్ల బండికి ఇవి ఆరు, నాలుగు సిలిండర్ల బండికి ఎనిమిది. ఇంజిన్ నిమిషానికి 2000 చుట్లు తిరిగితే ఒక్కో రాకర్ నిమిషానికి 1000 సార్లు కొట్టుకుంటుంది. గంటకు 60 వేలు. పొద్దంతా పది గంటలు కరిగెట దున్నితే 6 లక్షల దెబ్బలు. ఇన్ని దెబ్బలకు ఓర్చేది దాని మూతి మీద గట్టిపరిచిన పలుచటి పొర ఒక్కటే. నాగలి కర్రుకు కమ్మరి పదును ఎక్కించేవాడు కదా, అలాంటిదే ఫ్యాక్టరీలో చేస్తారు. పదును సరిగా ఎక్కని కర్రు నాలుగు సాళ్లకే మొద్దుబారినట్టు, పొర సరిగా లేని రాకర్ మూతి గుంట పడుతుంది. దానికి మీరు నూనె నెలకోసారి మార్చినా, వారానికోసారి మార్చినా ఒరిగేదేం లేదు.

మన దగ్గర బండికి పడే కష్టం కూడా తక్కువది కాదు. కరీంనగర్ వైపు కాకతీయ కాలువ కింద కరిగెట దున్నేటప్పుడు కేజ్ వీల్స్ వేసి, ఇంజిన్‌ను దించకుండా గంటల తరబడి నడుపుతాం. రేడియేటర్ నిండా బురద, ఇంజిన్ నిండా వేడి. ఆదిలాబాద్ వైపు జైనథ్, బేల నల్లరేగడిలో పత్తి కట్టె తీసిన చేనును మండే ఎండల్లో లోతుగా దున్నుతాం. అదే ఆదిలాబాద్‌లో చలికాలం పొద్దున బండి స్టార్ట్ చేస్తే నూనె గడ్డకట్టినట్టు ఉంటుంది. ఇంజిన్‌లో నూనె చివరగా చేరే చోట్లలో రాకర్లు ఒకటి. స్టార్ట్ కాగానే రేజ్ కొట్టే డ్రైవర్ అప్పటికి ఎండిన షాఫ్ట్ మీదే రాకర్లను ఆడిస్తాడు. ఇది మన వైపు తప్పు, దీన్ని దాచి వాదిస్తే మన వాదనకే బలం పోతుంది. నూనె సమయానికి మార్చాలి. మార్చిన తేదీ, మీటర్ గంటలు ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టాలి. ఆ పుస్తకం మనకు రేపు ఎందుకు పనికొస్తుందో కింద చెబుతాం.

ఇప్పుడు గుర్తుల సంగతి. నూనె అందక అరిగితే ఆ కరువు ఒక్క ఇంటికే రాదు, వాడంతటికీ వస్తుంది. షాఫ్ట్ కింది వైపు గీతలు పడతాయి. పుష్ రాడ్ ఒకవైపు నుంచి, వాల్వు స్ప్రింగ్ ఇంకోవైపు నుంచి రాకర్‌ను పైకే నెడతాయి కాబట్టి బరువంతా షాఫ్ట్ కింది వైపే పడుతుంది. బుష్‌లు వదులవుతాయి, రాకర్‌ను చేత్తో ఊపితే అటూ ఇటూ ఆడుతుంది. ఇనుము గోధుమ రంగుకో నీలం రంగుకో మారుతుంది. షాఫ్ట్ రంధ్రాల్లో నల్లటి మడ్డి ఉంటుంది. నూనె వచ్చే దారికి దూరంగా ఉన్నవి ఎక్కువ దెబ్బతింటాయి. ఇవన్నీ కనబడితే మెకానిక్ చెప్పింది నిజం, వాదించకండి.

కానీ ఎనిమిదింటిలో ఏడు కొత్తవాటిలా మెరుస్తూ ఒక్కటే గుంట పడితే? అన్నీ తాగింది ఒకే నూనె. ఒకే డ్రైవర్, ఒకే చేను, ఒకే వేడి. అప్పుడు నూనె మీద నేరం మోపేవాడు ఆ ఏడింటికీ జవాబు చెప్పాలి. అక్కడ కూడా తొందరపడకుండా ఆ ఒక్క రాకర్ చుట్టూ చూడాలి. పుష్ రాడ్ వంగిందా? వాల్వు తల పుట్టగొడుగులా పరుచుకుందా? దాని కింద టాపెట్, క్యామ్ అరిగాయా? రాకర్ నూనె రంధ్రం, బుష్ రంధ్రం ఎదురెదురుగా ఉన్నాయా? ఈ చివరిది చాలామంది చూడరు. బుష్‌ను కొంచెం తిప్పి నొక్కేస్తే దాని రంధ్రం ఒకచోట, రాకర్ రంధ్రం ఇంకోచోట పడతాయి. నూనె వచ్చి గడప దగ్గర ఆగిపోతుంది. చీపురు పుల్ల దూర్చి చూస్తే తెలిసిపోయే లోపం ఇది, అయినా ఇలాంటి ముక్కలు పెట్టెల్లో ప్యాకై మన దాకా వస్తున్నాయి.

మూతి మీద అరుగుదల ఎలా ఉందో కూడా చూడండి. నున్నగా, మధ్యలో, అన్నిటికీ కొంచెం కొంచెంగా ఉంటే అది వయసు. పొట్టు లేచినట్టు పొరలు పొరలుగా రాలి, కింద మెత్తటి ఇనుము కనబడితే గట్టి పొర పలుచగా ఉందనో, సరిగా అంటలేదనో అనుమానించాలి. ఒక పక్క అంచు మాత్రమే అరిగితే మూతిని వంకరగా రుద్దారనో, రాకర్ వంగిందనో, లేదా వాల్వు గైడ్ వదులైందనో అర్థం. విరిగితే విరిగిన చోట చూడండి. ముఖమంతా తెల్లగా మెరిస్తే అది అప్పుడే విరిగింది. సగం నల్లగా నూనె ఇంకి, సగం తెల్లగా ఉంటే పగులు ఎప్పుడో మొదలై లోపలే ఉంది. లోపల గాలి బుడగ గుంట ఉంటే అది పోత పోసిన చోట పుట్టిన లోపం, మన చేనులో పుట్టింది కాదు.

ఫీలర్ గేజ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మంచి మెకానిక్‌లు కూడా మోసపోతారు. రాకర్ మూతికి, వాల్వు తలకు మధ్య కొంత సందు ఉండాలని కంపెనీ పుస్తకం చెబుతుంది. ఒక బండికి 0.30 మిల్లీమీటర్లు అనుకుందాం. మూతి మధ్యలో 0.20 గుంట పడి ఉంటే గేజ్ పత్తి ఆ గుంటలోకి దిగదు, రెండు అంచుల మీద నిచ్చెనలా పడుకుంటుంది. గేజ్ 0.30 అంటుంది, వాల్వు తల దగ్గర అసలు సందు 0.50 ఉంటుంది. టాపెట్లు కట్టాం, అయినా టక్ టక్ పోలేదు అంటే చాలాసార్లు కారణం ఇదే. సందు ఎక్కువైతే వాల్వు ఆలస్యంగా తెరుచుకుంటుంది, తొందరగా మూసుకుంటుంది, పూర్తిగా లేవదు. గాలి చాలక నల్ల పొగ, డీజిల్ ఖర్చు, ఎత్తు మీద గుంజలేకపోవడం. రైతు సతాయిస్తున్నాడని మెకానిక్ స్క్రూ ఇంకో చుట్టు బిగిస్తాడు. చప్పుడు ఆగిపోతుంది, అందరూ సంతోషిస్తారు. కానీ అంచనా మీద అలా బిగిస్తే సందు మిగలకుండా పోవచ్చు. ఇంజిన్ వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు, ఎగ్జాస్ట్ వాల్వు, దాని సీటు కాలిపోతాయి. వందల్లో పోయే పని వేలల్లోకి పోతుంది. చప్పుడు చేసే బండికంటే ఇలా నోరు మూయించిన బండి ప్రమాదం. గుంట పడిన రాకర్‌ను మూతి సరిగా రుద్దించకుండా, లేదా మార్చకుండా టాపెట్ కట్టడం పైసలు దండగ. రుద్దించినా లోపల గట్టి పొర మిగిలిందో లేదో చూడాలి. లేకపోతే నెల తిరగకుండా మళ్లీ గుంటే.

"ఒరిజినల్ కొనకపోతే ఇంతే" అనే మాట కూడా మనం ఎదుర్కోవాలి. దుకాణంలో మనల్ని అడిగే ప్రశ్న ఒకటే, కంపెనీది కావాలా, లోకలా? ఈ ప్రశ్నతోనే బాధ్యత చేతులు మారుతుంది. లోకల్ తీసుకుంటే పాడైనప్పుడు "చవకది కొన్నావు కదా" అంటారు. కంపెనీ పెట్టె తీసుకుంటే "వాడకం బాలేదు" అంటారు. రెండు దారుల చివరా నేరస్థుడు రైతే. కంపెనీలు సైతం చాలా ముక్కలు తాము చేయవు, బయటి ఫ్యాక్టరీల్లో చేయించుకుని తమ పెట్టెలో పెడతాయి. అందులో తప్పేం లేదు. ఒక్కో ముక్కను తనిఖీ చేసి పెడుతున్నారా అన్నదే మా ప్రశ్న. మా సంఘం సభ్యుడు ఒకరు పెట్టె విప్పి కొత్త సెట్టు ఎనిమిదింటినీ ఒక సన్నటి నున్నటి కడ్డీకి గుచ్చి పక్కపక్కన పెడితే, మూతులు ఒక వరుసలో నిలబడలేదు. ఒకదాని మూతి మిగతావాటి కంటే పక్కకు జరిగి ఉంది. బంగారం తూచే చిన్న త్రాసు మీద పెడితే బరువులూ ఒక్కటిగా లేవు. బరువు తేడా ఒక్కటే లోపానికి రుజువు కాదు, ఇంకా జాగ్రత్తగా చూడమనే హెచ్చరిక. దుకాణందారు మార్చి ఇచ్చాడు కానీ, బండికి బిగించాక అడిగితే ఇచ్చేవాడు కాదు.

కాబట్టి బిగించకముందే చూడాలి. కడ్డీకి గుచ్చి వరుస చూడండి. చీపురు పుల్లతో నూనె దారి చూడండి. మూతి పక్కన, వాల్వు తగలని అంచు మీద కొత్త ఆకురాయితో ఒక్కసారి మెల్లగా గీయండి. ఆకురాయి జారితే గట్టిది, పట్టి రజను రాలితే మెత్తది. పని చేసే ముఖం మీద మాత్రం గీయొద్దు. బిగించాక మూతికి మార్కర్ సిరా పూసి, ఇంజిన్‌ను స్టార్ట్ చేయకుండా చేత్తో రెండు చుట్లు తిప్పి చూస్తే సిరా చెరిగిన గుర్తు మధ్యలో ఉందో పక్కకు ఉందో తెలుస్తుంది. సింగరేణిలో ఫిట్టర్లుగా చేసి రిటైరైన వాళ్లు పెద్దపల్లి, మంచిర్యాల వైపు చాలా ఊళ్లలో ఉన్నారు. వెర్నియర్, మైక్రోమీటర్ పట్టడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. పిలిస్తే వస్తారు.

కొనే ముందు ఇనుమును పరీక్షించడం మన ప్రాంతానికి కొత్త విద్యేం కాదు. నిర్మల్, జగిత్యాల, నిజామాబాద్ చుట్టుపక్కల మన పల్లెల్లోని కొలుములు ఒకప్పుడు ఉక్కుకు పేరుపొందాయి. మనకు పక్కనే ఉన్న కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం ఇరాన్ వ్యాపారులు వచ్చేవారని 1820ల్లో ఆ ఊరు చూసిన వాయిసీ అనే ఇంగ్లిష్ అధికారి రాశాడు. ఇస్ఫహాన్ నుంచి అంత దూరం వచ్చి, కొలిమి దగ్గర దగ్గరుండి చేయించుకుని కొనుక్కుపోయేవారు. ఇప్పుడు మనం పక్క వీధి దుకాణంలో పెట్టె విప్పి చూస్తామంటే "సీలు విప్పితే వాపసు లేదు" అంటున్నారు.

ప్రభుత్వం ఏం చేస్తోంది? కొత్త ట్రాక్టర్ మోడళ్లను పరీక్షించడానికి మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955 నుంచి కేంద్ర సంస్థ ఉంది, దక్షిణాదికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఇంకోటి ఉంది. అక్కడ ట్రాక్టర్‌ను గంటల తరబడి నడిపి, తర్వాత ఇంజిన్ విప్పి అరుగుదల కొలిచి నివేదిక రాస్తారు. మంచిదే. కానీ ఆ పరీక్ష కొత్త బండికి ఒకసారి. ఆ తర్వాత పదిహేనేళ్లు ఆ బండిలో పడే ముక్కలను మన జిల్లాల్లో ఏ అధికారి తీసి చూస్తున్నాడు? ఎరువు బస్తాకు నమూనా తీసే అధికారి ఉన్నాడు, విత్తనానికి ఉన్నాడు, పురుగుమందుకు ఉన్నాడు. ట్రాక్టర్ సామాను దుకాణం గడప తొక్కి నమూనా తీసిన అధికారిని మేం ఇంతవరకు చూడలేదు. 2022 డిసెంబర్ 24న కేంద్రం మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది, అందులో వ్యవసాయ యంత్రాలను కూడా చేర్చింది. అది చట్టం కాదు, ఒక వెబ్‌సైటు. కంపెనీ ఇష్టపడి పెట్టిన సమాచారమే అందులో ఉంటుంది.

చట్టం వేరే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. ట్రాక్టర్ స్వయం ఉపాధితో బతకడానికి వాడేవాడు వినియోగదారుడే, వ్యాపారం అని తోసేయడానికి లేదు. లోపాన్ని పరీక్ష చేస్తే తప్ప తేల్చలేమంటే, జిల్లా కమిషన్ నమూనాకు సీలు వేసి ప్రయోగశాలకు పంపాలి, 45 రోజుల్లో నివేదిక తెప్పించాలి. లోపం ఉన్న వస్తువు వల్ల జరిగిన నష్టానికి తయారీదారు బాధ్యుడు. తయారీదారు ఎవరో తెలియకపోతే అమ్మినవాడే బాధ్యుడు. పేరు, ఊరు లేని పెట్టెలో ముక్క అమ్మే దుకాణందారుకు ఈ మాట ఒకసారి చదివి వినిపించండి. కొనుగోలు విలువ 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

అదే చట్టంలో ముళ్లు కూడా ఉన్నాయి. వస్తువును తప్పుగా వాడారనో, మార్చారనో రుజువైతే అమ్మినవాడు తప్పించుకుంటాడు. "నూనె మార్చలేదు" అనే మాట పుట్టేది ఇక్కడే. అందుకే మీ నోటు పుస్తకం, మిగతా ఏడు మంచి రాకర్లు మీ సాక్షులు. తయారీదారు బాధ్యత కింద లెక్కగట్టే నష్టంలో ఆర్థిక నష్టాన్ని చేర్చకుండా చట్టం పక్కకు పెట్టింది. కాలువ నీళ్లు వచ్చిన వారంలో బండి షెడ్డులో ఉంటే పోయిన అదను, పోయిన కిరాయి, ఆగని ఫైనాన్స్ కిస్తీ ఆ లెక్కలోకి రావు. అవి కావాలంటే ఎదుటివాడి నిర్లక్ష్యాన్ని రుజువు చేసి విడిగా పరిహారం అడగాలి. ప్రయోగశాల ఖర్చు కూడా ముందు ఫిర్యాదు చేసినవాడినే కట్టమంటారు. గట్టిదనం తేల్చే పరీక్ష నిమిషాల పని. మెకానికల్ ఇంజనీరింగ్ నేర్పే కాలేజీల్లో రాక్‌వెల్ మిషన్ మామూలుగా ఉండేదే. జగిత్యాల జిల్లా నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. మన పన్నులతో నడిచే ఇలాంటి కాలేజీల ల్యాబులను వారానికి ఒక్క రోజు రైతులకు తెరవాలని, నివేదిక సంతకంతో ఉచితంగా ఇవ్వాలని మేం డిమాండ్ చేస్తున్నాం. విత్తన ఇన్‌స్పెక్టర్ లాగానే యంత్ర సామానుకూ నమూనా తీసే అధికారం ఉన్న అధికారిని జిల్లాకు ఒకరిని పెట్టాలని కూడా అడుగుతున్నాం.

విత్తనాల విషయంలో మన రైతులు ఈ దారి ఇంతకుముందే నడిచారు. జాతీయ విత్తన సంస్థ కేసులో 2012లో సుప్రీంకోర్టు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల పక్షాన తీర్పు ఇచ్చింది. రైతు వినియోగదారుడేనని చెప్పింది. పరీక్ష కోసం విత్తనం దాచిపెట్టలేదని అతన్ని తప్పుపట్టడం కుదరదని, కొన్న విత్తనమంతా చల్లేస్తాడు కదా అని చెప్పింది. విత్తనం మట్టిలో కలిసిపోయినా వాళ్లు గెలిచారు. మన రాకర్ మట్టిలో కలవదు. గుంటతో, పగులుతో, తన మీద రాసుకున్న సాక్ష్యంతో అలాగే ఉంటుంది. దాన్ని మనం షెడ్డులోనే వదిలేసి వస్తున్నాం, మెకానిక్ పాత ఇనుము కింద కిలోల లెక్కన అమ్ముకుంటున్నాడు.

వచ్చే నెల మండల సమావేశాలకు మార్చిన పాత రాకర్లను తీసుకురండి. పాడైనది ఒక్కటే తేవద్దు, సెట్టు మొత్తం తేవాలి. కడగొద్దు, గీకొద్దు. ఒక్కోదానికి సిలిండర్ నంబరు, ఇన్‌లెట్టో ఎగ్జాస్టో రాసిన చీటీ కట్టి విడివిడిగా కాగితంలో చుట్టండి. పెట్టె ఉంటే పెట్టె, బిల్లు ఉంటే బిల్లు. బిల్లు లేకపోతే ఈసారి నుంచి బిల్లు లేనిదే కొనవద్దు. బిగించిన రోజు మీటర్ గంటలు, విప్పిన రోజు గంటలు రాయండి. రాయడం రాకపోతే ఇంట్లో బడికి పోయే పిల్లలతో రాయించండి.